రంగు తినే చుట్టాలు

నూలువారిపాలెంలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని నాంచారమ్మకి గట్టి నమ్మకం. గోడగడియారం పాపం రాత్రంతా మేలుకుంటోందని, దాన్ని దించి చాపమీద పడుకోబెట్టే ఇల్లు అది! ఇంట్లో తను, మొగుడు పిచ్చయ్య, మరిది కోటయ్య. ముగ్గురూ బట్టలకి రంగులద్ది బతుకుతారు.

ఆ రంగునీళ్ళన్నీ కాలవలోకే పోయేవి. గేదెలు నల్లగా దిగి ఎర్రగా లేచేవి. ఒకరోజు ప్రెసిడెంటు వీరరాఘవులు వచ్చి, "పున్నమి తర్వాత కాలవలో రంగు కనపడిందా, మీ అద్దకం మూయించేస్తా!" అన్నాడు. నాంచారమ్మ లబోదిబోమంది. అద్దకం పోతే తినేదేమిటి?

ఇంతలో పట్నం నుంచి నీళ్ళు పరీక్ష చేసే మేడమ్ వచ్చి, పెద్ద గొయ్యి తవ్వించింది. "రంగునీళ్ళు ఇందులో పోసి, పేడా బెల్లం కలిపి మూతెయ్యండి. పేడలో కంటికి కనపడని జీవులుంటాయి. బెల్లం తిని బలం తెచ్చుకుని, రంగుని ముక్కలు ముక్కలుగా విరిచేస్తాయి. కానీ వాటికి గాలి పడదు. గాలి తగిలిందా, పని చెడినట్టే!" అంది.

చెప్పినట్టే అన్నీ కలిపి మూతేశారు. ఇంకేముంది! ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. విసనకర్రలు అటకెక్కాయి. కోటయ్య గొయ్యి దాటేదాకా ఊపిరి బిగబట్టి, దబ్బున పడ్డాడు. "మా మరిదిది ఎంత మంచి మనసో!" అని నాంచారమ్మ మురిసిపోయింది.

మర్నాడు ఆవిడకి బెంగ పట్టుకుంది. "ఏవండీ, గొయ్యిలో దిగిన చుట్టాలు తింటున్నారో లేదో! కొత్త చోటు కదా, మొహమాటపడుతున్నారేమో!" అని మూత తీసి తొంగి చూసింది.

"అయ్యో వదినా, గాలి లోపలికి పోయింది!"

"పోతే తోలెయ్యవయ్యా, చూస్తావేం?"

అంతే. కోటయ్య చేటతో, పిచ్చయ్య తువ్వాలుతో గొయ్యిలోని గాలిని తెగ తోలారు. ఎంత తోలితే అంత దూరింది.

మేడమ్ వచ్చి తల పట్టుకుంది. "మీకు దణ్ణం పెడతాను, నేనొచ్చేదాకా మూత ముట్టుకోకండి. ఇంట్లో అన్నిటికన్నా బరువైంది దానిమీద పెట్టండి!"

రోలు చూశారు. బీరువా చూశారు. "మా ఆయన్ని మించిన బరువు ఈ ఇంట్లో ఏముందీ?" అంది నాంచారమ్మ. పిచ్చయ్య బుద్ధిగా మూతెక్కి కూర్చున్నాడు. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. తుమ్మొస్తే మాత్రం గాలి పుడుతుందని, తమ్ముణ్ణి కేకేసి, తన బదులు దూరంగా నిలబెట్టి తుమ్మించేవాడు.

పున్నమి రోజు పొద్దున్నే ప్రెసిడెంటూ, మేడమూ, సగం ఊరూ వచ్చారు. నలుగురు పట్టి పిచ్చయ్యని దించారు. మూత తీస్తే కంపుకి అందరూ ముక్కులు మూసుకున్నారు. కానీ నీళ్ళలో ఎరుపన్నది లేదు! మేడమ్ గ్లాసుతో ముంచి ఎండకెత్తి చూపించింది. "ఇక వేరే గుంటలో గాలికి పెట్టి, శుభ్రం చేసి వదిలితే సరి."

"శభాష్! మీ అద్దకానికి ఢోకా లేదు," అన్నాడు ప్రెసిడెంటు.

అందరూ చప్పట్లు కొట్టారు. నాంచారమ్మకి మాత్రం కళ్ళనీళ్ళు తిరిగాయి. "అయ్యో, ఒక్క చుక్క మిగల్చకుండా ఊడ్చుకు తిన్నారే! ఎన్నాళ్ళనించి పస్తున్నారో పాపం! ఇంటికొచ్చినవాళ్ళని ఇలా మాడుస్తామా?"

ఎవరైనా పట్టుకునేలోపు, కలిపి పెట్టిన ఎర్రరంగు బానలన్నీ వరసగా గొయ్యిలో గుమ్మరించేసింది. ప్రెసిడెంటు పంచె ఎరుపు. మేడమ్ కళ్ళజోడు ఎరుపు. గొయ్యి పొర్లి, ఆ ఎరుపంతా చక్కగా కాలవలోకి నడిచింది. కాలవలోంచి గేదె ఒకటి ఎర్రగా లేచి చూసింది.

"కడుపునిండా తినండి నాయనా!" అని గొయ్యికి చెప్పి, నాంచారమ్మ మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, మూతెక్కండి. ప్రెసిడెంటుగారూ, మీరూ ఎక్కండి. ఈసారి తిండి ఎక్కువైంది, ఒక్కరి బరువు చాలదు!"