ఓడిన డిస్కులోని అంచు

ఊఁ కొట్టే గొంతు ఒక్కటున్నా ఆగని కథ ఇది. అనగనగా రెండు రాజ్యాలు. వాటికి కోటలు లేవు, ఏనుగులు లేవు. ఒక్కొక్కదానికి జానెడైనా లేని డిస్కు ఒకటి, ఆ డిస్కును చదివే పెట్టె ఒకటి. వెంట్రుకవాసి కూడా మసకబారని బొమ్మను ఇంటింటికీ తెచ్చి చూపిస్తామని రెండూ చాటింపు వేశాయి. మొదటిదాని పేరు హెచ్‌డీ డీవీడీ, రెండవదాని పేరు బ్లూ-రే. ఒకదాని డిస్కు రెండవదాని పెట్టెలో పలకదు. రెండేళ్ళు పోరు సాగింది. సినిమా కంపెనీలు ఒక్కొక్కటే పక్షం మారాయి. చివరకు ఒక మాఘమాసంలో హెచ్‌డీ డీవీడీ ఓటమి ఒప్పుకుని తప్పుకుంది. సముద్రాల అవతల జరిగిన ఆ యుద్ధంలో చీరాలలో ఒక నేతగత్తె ఓడిపోయింది. ఆమె పేరు హైమవతమ్మ.

యాభై దాటిన వయసులో హైమవతమ్మ మధ్యాహ్నాలు పోతులూరాచారి గారి దుకాణంలో యంత్రాల మరమ్మత్తు నేర్చుకునేది. ఆచారి గారు ఒకప్పుడు బంగారపు పని చేసినవారు. టీవీలూ రేడియోలూ బాగుచేస్తున్నా, కంటికి తగిలించుకునే ఆ పాత భూతద్దాన్ని మాత్రం విడిచిపెట్టలేదు. శిష్యులు ఏ ప్రశ్న వేసినా ఆయన మాటతో బదులిచ్చేవారు కాదు. చేతికందిన యంత్రం మూత విప్పి, "చూడమ్మా" అనేవారు. చూడగలిగినవారికి జవాబు దొరికేది. తక్కినవారు టీ తాగి వెళ్ళిపోయేవారు.

ఒకనాడు హైమవతమ్మ పాతగుడ్డలో చుట్టిన పెట్టెను గురువు ముందు పెట్టి అడిగింది: "గురువుగారూ, ఓడిపోయినదాన్ని పట్టుకుని వేలాడటం నిష్ఠా, మూర్ఖత్వమా?"

ఆ ప్రశ్న వెనుక గోవిందమ్మ ఉంది. పేకపోగును అటూ ఇటూ దాటించే నాడెలు మూడింటితో చీర అంచును చీర ఒంటితో కలిపి నేసే పద్ధతి ఊళ్ళో గోవిందమ్మ ఒక్కతెకే తెలుసు. ఆమె నేసిన చీరలో అంచు ఎక్కడ మొదలైందో చేత్తో తడిమినా అంతుపట్టదు. హైదరాబాదు నుంచి వీడియో తీసేవారు వచ్చి, ఆమె చేతులనే పది గంటలసేపు తీశారు. ఏ డిస్కు మీద ఎక్కించి ఇమ్మంటారని వారు అడిగినప్పుడు, నేత సంఘం తరఫున మాట ఇచ్చినది హైమవతమ్మే. ముందుగా బజారుకు వచ్చినది గదా అని హెచ్‌డీ డీవీడీ మీద ఎక్కించమంది. వాళ్ళు ఆ డిస్కుతో పాటు దాన్ని చదివే పెట్టెనూ తెప్పించి ఇచ్చారు. మరో రెండు నెలలకు గోవిందమ్మ కన్నుమూసింది. టేపులను చెరిపి మరొక పనికి వాడుకున్నామని వీడియోవారు కబురు చేశారు. మామూలు డీవీడీ నకలు ఒకటి సంఘంలో ఉంది. అందులో గోవిందమ్మ వేళ్ళు కనబడతాయి, వేలు ఎత్తిన పోగు మాత్రం కనబడదు. ఆ పోగు కనబడేది ఓడిన డిస్కులో ఒక్కచోటే. దాన్ని చదివే పెట్టె ఇప్పుడు పలకడం మానేసింది. అటువంటి పెట్టె మరొకటి ఎక్కడ వెతికినా దొరకలేదు.

గురువు ఇంకా గుడ్డ ముడి విప్పుతుండగానే గడియార స్తంభం దగ్గర కొత్తగా షోరూము తెరిచిన ఉమాకాంత్ లోపలికి వచ్చాడు. ఓడిన పెట్టె తెచ్చిస్తే గెలిచిన పెట్టె ఉచితం అని అతడు ఊరంతా కరపత్రాలు పంచాడు. తెచ్చిన పాత పెట్టెను షోరూము ముందు అందరూ చూస్తుండగా సుత్తితో పగలగొడతారు. అది అతడి ప్రచారం.

"పిన్నిగారూ, మీ పెట్టె ఒక్కటే మిగిలింది ఊళ్ళో. సోమవారం ఫొటోగ్రాఫరును పిలిచాను. మొదటి దెబ్బ మీ చేతి మీదుగానే."

"పెట్టె ఇస్తాను నాయనా. గోవిందమ్మను ఎవరికివ్వను?"

"చనిపోయినావిడను తలుచుకుంటే లోకం ఆగుతుందా అండీ? ఆచారి గారూ, మీరైనా చెప్పండి. ఎందుకీ శవజాగరణ?"

"శవమని ఎవరు చూశారు?" అన్నారు ఆచారి గారు. "ముక్కు దగ్గర అద్దం పెట్టి చూశావా?"

ఉమాకాంత్ నవ్వాడు. హైమవతమ్మకు మాత్రం చెవులు మండాయి. ఎంచినది తానే. ఆ తప్పు తనదే. తప్పు తనదైనంత మాత్రాన, దాన్ని నలుగురి ముందూ సుత్తితో ఒప్పుకోవాలా? ఆమె పెట్టె మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. "సోమవారం నేను రాను. ఆ ఫొటోలో నువ్వొక్కడివే నిలబడు" అంది. ఆ మాట అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆచారి గారు పెట్టె మూత విప్పి, లోపల డిస్కును చదివే చిన్న కన్నును బయటకు తీశారు. దానికి కరెంటు తగిలించి తెల్లకాగితం మీదికి తిప్పారు. కాగితం మీద ఏమీ పడలేదు. తరువాత ఆయన బల్ల కిందికి వంగి, తుక్కులోంచి మరొక పెట్టెను పైకి లాగారు. అది బ్లూ-రే.

"ఇది మా షోరూముదేనండీ," అన్నాడు ఉమాకాంత్. "కరెంటు ఎక్కువొచ్చి బోర్డు కాలిపోయింది. దీనికి మరమ్మత్తు దండగ, పారెయ్యండి అని నేనే గదా ఇచ్చి వెళ్ళింది?"

"నువ్వే," అంటూ ఆచారి గారు దాని కన్నునూ తీసి, కరెంటు తగిలించి అదే కాగితం మీదికి తిప్పారు. గోరింట గింజంత ఊదారంగు చుక్క వెలిగింది. "నేరుగా చూడకండి, కాగితం మీదే చూడండి. హైమవతమ్మా, నీ పెట్టె బతికున్న రోజుల్లో దాని వెలుగు ఏ రంగు?"

"ఇదే రంగు, గురువుగారూ."

"ఏమైనా తేడా?"

ఆమె కాగితం మీదికి వంగి చూసింది. "లేదు. ఒక రాజ్యం అక్షరాలను డిస్కు చర్మం కిందనే రాసింది, మరొకటి కాస్త లోతుగా రాసింది అని మీరే ఒకసారి మూత విప్పి చూపించారు. వెలుగు మాత్రం రెండింటికీ ఒకటే."

ఉమాకాంత్‌కు ఆయన చేయబోయేది అప్పటికి అర్థమైంది. "కుదరదు ఆచారి గారూ. ఆ వెలుగునిచ్చే ముక్కను తీసి ఇందులో పెడతారా? అది ఆవగింజంత కూడా ఉండదు. వెంట్రుకలో పదోవంతు పక్కకు జరిగితే డిస్కు పలకదు. కంపెనీవాళ్ళే చేయరు ఆ పని."

"కంపెనీవాళ్ళకు గోవిందమ్మ తెలియదు గదా," అంటూ ఆయన భూతద్దం కంటికి తగిలించుకున్నారు.

మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆయన సన్న పట్టకారుతో గెలిచినదాని వెలుగును ఓడినదాని గుండెలోకి దింపారు. ఆయన చెయ్యి అలిసినప్పుడల్లా ఆ పట్టకారును హైమవతమ్మ అందుకుంది. జీవితమంతా పోగులు అతికిన చెయ్యి ఆమెది, వణకదు. మొదటిరోజు డిస్కు కాసేపు తిరిగి, ఆగిపోయింది. రెండవరోజు తిరగనే లేదు. ఆ రెండు రోజులూ ఉమాకాంత్ దుకాణం ముందున్న సైకిలు స్టాండు దగ్గర నిలబడి, "పిన్నిగారూ, సోమవారం చోటు ఇంకా ఖాళీగానే ఉంది" అని కేకేసి వెళ్ళాడు. మూడవరోజు లోపలికే వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు తెర మీద ముందు మంచు కురిసినట్టయింది, తరువాత గోవిందమ్మ చేతులు వచ్చాయి. గోళ్ళ సందుల్లో ఇంకిన రంగు కనిపించింది. పడుగులో ఒక్కొక్క పోగూ విడివిడిగా కనిపించింది. ఎర్ర నాడె దాటే క్షణాన ఆమె ఉంగరపు వేలు కిందికి దూరి, రెండవ పోగును కాక మూడవదాన్ని ఎత్తింది.

"మూడోదా!" అంది హైమవతమ్మ. ఏడాదిగా రెండవ పోగును ఎత్తుతూ, అంచు ఎందుకు విడిపోతోందో తెలియక కుములుతున్న మనిషి ఆమె. ఆమె ఏడవలేదు. కొంగు నడుముకు బిగించి, గాలిలోనే ఉంగరపు వేలు ఎత్తడం మొదలుపెట్టింది.

ఉమాకాంత్ ఆ వేలినే చూస్తూ, "బాగానే ఉంది ఆచారి గారూ. ఇది ఎన్నాళ్ళు నడుస్తుంది? రేపు మళ్ళీ ఆగిపోదా? ఎల్లుండి నేను అమ్మే పెట్టెను కూడా ఓడించేది ఇంకొకటి రాదా?" అన్నాడు.

ఆచారి గారు మూత తెచ్చి బిగించబోతున్న శిష్యురాలి వైపు తిరిగి, "ఆ మరలు మరీ గట్టిగా బిగించకమ్మా" అన్నారు.

ఈ కథను మొదట చెప్పినది హైమవతమ్మే. మగ్గం ముందు మనవరాలిని కూర్చోబెట్టుకుని, ఆ పిల్ల ఉంగరపు వేలిని తన వేళ్ళతో పట్టి, మూడవ పోగు కిందికి దూరుస్తూ చెప్పింది. ఆమె మా అమ్మమ్మ.