తొందరగా నింపిన గాలి

గుబ్బలకోన అడవిలో ఒక చీకటి బిలం ఉండేది. దాని పక్కనే ముంగిసలు, కుందేళ్లు, ఏదుపందులు బొరియల్లో కాపురముండేవి. ఒక వానాకాలం బిలం లోపల బండ జారి లోపలి వాగుకు అడ్డం పడింది. నీళ్లు చప్పుడు లేకుండా పైకి రాసాగాయి. బొరియల్లో పసికూనలున్నాయి.

బండను కదపాలంటే మునిగిన బిలంలోకి వెళ్లాలి. ఎప్పుడో మనుషులు వదిలిపోయిన రెండు గాలి సిలిండర్లు, ఒక పంపు అక్కడున్నాయి. పంపు తొక్కడానికి ఏనుగు తాత ఒప్పుకున్నాడు.

గండయ్య అనే ముంగిసకు తన చురుకుదనం మీద మహా గర్వం. ముందు తానే దిగుతానంటూ, త్వరత్వరగా తొక్కమని తాతను తొందరపెట్టాడు. చూస్తుండగానే గాలి కొలత చూపే గేజి ముల్లు, నిండిందని తెలిపే ఎర్రగీతను తాకింది. సిలిండర్ ముట్టుకుంటే చురుక్కుమంది.

సూరమ్మ అనే ఏదుపంది అడ్డుపడింది. "గాలిని గబగబా కుక్కితే వేడెక్కుతుంది గండయ్యా. ఆ వేడికే ముల్లు పైకి లేచింది. చల్లటి నీళ్లలో మళ్లీ పడిపోతుంది. చల్లారాక ఇంకోసారి చూడు."

"నిండిందని ముల్లే చెబుతోంది గదక్కా," అంటూ గండయ్య నీళ్లలోకి దిగిపోయాడు.

తాత సూరమ్మ కోసం రెండో సిలిండర్‌ను నెమ్మదిగా నింపసాగాడు. కాసేపు తొక్కడం, చల్లారనివ్వడం, మళ్లీ తొక్కడం. ఆమె నీళ్లనే చూస్తూ కూర్చుంది. బిలం నోట బుడగలు ఒకటొకటిగా లేచాయి. తర్వాత గుంపుగా వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. అడవిలో పిట్ట కూడా కూయలేదు.

వేగం పెంచమంటావా అని తాత అడిగాడు.

సూరమ్మ నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే అంది. "వద్దు తాతా. సగం గాలితో వెళ్తే ఇద్దరం లోపలే ఉండిపోతాం."

సిలిండర్ పూర్తిగా చల్లారినా ముల్లు గీత మీదే నిలిచింది. అప్పుడు సూరమ్మ నీళ్లలోకి దిగింది. లోపల తన ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. తడుముకుంటూ పోగా బండ దగ్గర చల్లటి బొచ్చు తగిలింది. బిలం కప్పులో చిన్న గుంట ఉంది. గండయ్య వదిలిన ఊపిరే అందులో పోగైంది. దానికి మూతి ఆనించి అతను వేలాడుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను గుర్తుపట్టలేదు.

సూరమ్మ తన గాలి గొట్టం అతని నోట పెట్టింది. తానొక గుక్క, అతనొక గుక్క. అతను తేరుకున్నాక ఇద్దరూ కలిసి బండను తోశారు. నీళ్లు ఊళపెడుతూ దిగిపోయాయి.

బొరియలు దక్కాయి. అడవి అంతా కలిసి పంపును సూరమ్మకు అప్పగించింది. గండయ్య మాత్రం ఊపిరాడదన్న భయంతో మళ్లీ ఏ బొరియలోకీ దూరలేకపోయాడు. వానైనా, చలైనా బయటే నోరు తెరుచుకుని పడుకునేవాడు.

నీతి: ప్రాణాలు ఆధారపడిన పనిని నిదానంగా చేసి, మరోసారి సరిచూసుకున్నాకే ముందుకు వెళ్లాలి.