కుండపెంకుల బాట

కుమ్మరి మొగిలన్న దగ్గర మొదట్లో ఉన్నవి మూడే. ఒక సారె, ఒక గాడిద, ఒక కూతురు. సారె తిరిగితే కుండ. గాడిద నడిస్తే సంత. కూతురు నవ్వితే పండగ. అంతకు మించి ఆయనకు ఏమీ లేదు.

ఎప్పటి మాట అంటారా? తారు అన్న పేరే పుట్టని కాలం నాటి మాట. అవ్వలు చెబితే అవ్వలు విన్నారు, ఆ అవ్వలు చెబితే మనం విన్నాం.

ఆ ఊరు మూడు గవనుల పట్నం. గవని అంటే కోటగుమ్మం. మూడు గుమ్మాలనూ కలుపుతూ ఒకటే వీధి, చేతి గాజులాగా గుండ్రంగా తిరిగి మొదలైన చోటికే వచ్చేది. దాన్ని చుట్టు వీధి అనేవాళ్ళు. ఒక పక్క కోటగోడ. ఒక పక్క ఇళ్ళు. ఇళ్ళ వెనక లోతైన మురుగు కాలువ.

వాన పడితే వీధిలో గుంట పడేది. గుంట పడితే ఎవరు పూడ్చాలి? ఆ సంగతి చూడడానికి బాటల పెద్ద అని ఒక అధికారి ఉండేవాడు. పల్లకీలో తిరిగే మనిషి కదా, ఆయనకు గుంటల కుదుపు తెలియదు. ఒకనాడు ఆయన చాటింపు వేయించాడు.

"ఎవరి గుమ్మం ముందు గుంట వాళ్ళదే! పూడ్చనివాళ్ళు పొద్దుగూకే దాకా ఆ గుంటలోనే నిలబడాలహో!"

తూర్పు గవని దగ్గర ఒక కంసాలి ఇంటి ముందు చిన్న గుంట పడింది. మట్టి కావాలంటే కోట దాటి చెరువు దాకా పోవాలి. కంసాలి అటు చూశాడు, ఇటు చూశాడు. మిట్టమధ్యాహ్నం, వీధంతా కునుకు తీస్తోంది. పార తీసుకుని పక్కింటి ముందు తవ్వాడు. ఆ మట్టి తెచ్చి తన గుంటలో పోశాడు. పైన తొక్కి ఇంట్లోకి పోయాడు.

"గుంట పోయింది!" అన్నాడు.

"ఎక్కడికి పోయింది?" అంది పెళ్ళాం.

"పక్కింటికి పోయింది."

మర్నాడు పక్కింటాయన లేచి చూశాడు. నోరు తెరిచాడు. మధ్యాహ్నం దాకా ఆగి, తన పక్కింటి ముందు తవ్వాడు. ఆ పక్కింటావిడ ఊరుకుంటుందా? ఆమె కూడా అంతే చేసింది. అలా ఆ గుంట కాళ్ళొచ్చినట్టు నడుచుకుంటూ వీధిలో బయలుదేరింది.

కొన్నాళ్ళకు అది మొగిలన్న గుమ్మం ముందుకు వచ్చింది. అప్పటికి చాటంత ఉంది. కూతురు పైడి చిన్నపిల్ల. వంగి చూసింది.

"నాయనా, మన దగ్గర చెరువు మట్టి ఉంది కదా. ఒక తట్ట పోయరాదూ?"

"ఆ మట్టి కుండలకే చాలడం లేదు బిడ్డా. గుంటలకు కూడా పెడతామా?"

మొగిలన్న చెడ్డవాడు కాదు. అందరూ చేసిందే చేశాడు. పక్కిల్లు గానుగ కన్నమ్మది. నూనె ఆడించి అమ్ముకునే ముసలామె, నోరు గలది. ఆమె కునుకు తీసే వేళ చూసి, ఆమె ముంగిట్లో తవ్వి, తన గుంట పూడ్చాడు.

"గుంట పోయింది!" అన్నాడు.

"ఎక్కడికి పోయింది?" అంది పైడి.

"పక్కింటికి పోయింది."

కన్నమ్మ సాయంత్రం లేచి చూసుకుని వీధి అదిరేలా అరిచింది. "నా గుమ్మం ముందు తవ్విన చేతుల్లో పుండ్లు లేవ!" ఆ తిట్టు ఆగిన మర్నాడే తన పక్కింటి ముందు తవ్వింది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయండి. వీధిలో ఎన్ని ఇళ్ళున్నాయో అన్ని ఇళ్ళవాళ్ళూ ఒక్కో గుంట పూడ్చారు. అబద్ధం లేదు. బాటల పెద్ద పల్లకీలో తిరిగి, ఇంటింటి ముందూ కొత్త మట్టి చూసి మురిసిపోయాడు. "ఇన్ని గుంటలు పూడ్చిన పట్నం భూమ్మీద ఇంకోటి లేదు" అని రాజుకు చెప్పుకున్నాడు. రాజు శాలువా కప్పాడు. మరి మొదట ఎన్ని గుంటలున్నాయి? ఒకటి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయి? ఒకటే!

ఒకటే, కానీ అదే కాదు. పోసిన మట్టి వానకు కుంగుతుందని తెలిసి, ప్రతి ఇల్లూ ఒక దోసెడు ఎక్కువ తవ్వింది. ఒక ఇంటికి దోసెడు. వీధి మొత్తానికి? గుంట గాజు చుట్టూ తిరిగి రెండోసారి మొగిలన్న గుమ్మం ముందుకు వచ్చేసరికి అందులో ఆయన గాడిద పడుకునేంత జాగా ఉంది.

అప్పుడు పైడి పెళ్ళికూతురు. పసుపు చేతులతో గడపలో నిలబడి అడిగింది.

"నాయనా, ఇది మనం నెట్టిన గుంటే కాదూ? పెరిగి వచ్చింది."

"ఊరుకో బిడ్డా, మగపెళ్ళివారు వచ్చే వేళ. నేను అందులో నిలబడి స్వాగతం చెప్పాలా?"

చుట్టాలంతా తలో చేయీ వేశారు. గుంట మళ్ళీ కన్నమ్మ ముంగిట్లోకి పోయింది.

మూడోసారి గుంట వచ్చేటప్పటికి పైడి నెలలు నిండి పుట్టింటికి వచ్చి ఉంది. ఈసారి వచ్చింది గుంట కాదు, నుయ్యి. కోటగోడ నుంచి ఇంటి గడప దాకా నేలే లేదు. మొగిలన్న అరుగు అందులోకి కూలిపోయింది. ఆ తెల్లవారే ఏనుగు తొండాలంత ధారలతో వాన మొదలైంది. గుంట నిండింది. నీళ్ళు వీధితో సమానంగా నిలిచాయి. చూసేవాళ్ళకు అక్కడ నీళ్ళు నిలిచిన వీధే కనిపిస్తుంది.

పైడికి నొప్పులు మొదలయ్యాయి.

మొగిలన్న అల్లుడు పెరటి దారిన పడమటి గవనికి పరుగెత్తి, మంత్రసాని అంకమ్మను ఎద్దుబండి మీద తీసుకొచ్చాడు. బండి కన్నమ్మ ఇల్లు దాటింది. ఆ వానలో గుంట అంచు ఎక్కడుందో అల్లుడికి తెలియలేదు. ఎద్దులు ముందుకు అడుగు వేశాయి. అంతే! ఎద్దులు లేవు, బండి లేదు. నీళ్ళ మీద ఒక చక్రం అంచు మాత్రం తిరుగుతోంది.

వీధి వీధంతా కెవ్వుమంది. తాళ్ళు వేసి ఎద్దులను లాగారు, అల్లుణ్ణి మొగిలన్న గడప మీదికి లాగారు, అంకమ్మను లాగి కన్నమ్మ అరుగు మీద పడుకోబెట్టారు. ఆమె కాలు మోకాలి కింద రెండుగా విరిగి వేలాడుతోంది.

అంకమ్మ పళ్ళు బిగించి ఒకటే మాట అంది. "కాలు పోతే పోయింది, చేతులున్నాయి. నేను కదల్లేను. పిల్లను నా దగ్గరికి తీసుకురండి."

ఎలా తేవాలి? ఈలోగా వెనక కాలువ పొంగి పెరడు మింగేసింది. ముందు గుంట. ఇద్దరు దిగి చూశారు. కాళ్ళు జారి మెడ దాకా మునిగారు. మంచం మోసుకుని అందులో దిగడమా? లోపల పైడి అరుస్తోంది. అరుపుకీ అరుపుకీ మధ్య ఎడం తగ్గిపోతోంది.

"పూడ్చండి! ముందు గుంట పూడ్చండి!" అన్నారు ఎవరో.

వెంటనే నలుగురు పారలు పట్టుకుని వచ్చారు. వచ్చి ఏం చేశారో తెలుసా? కన్నమ్మ ముంగిట్లో తవ్వడం మొదలెట్టారు! చేతులకు అదే అలవాటు.

కన్నమ్మ కొయ్యబారిపోయింది. తర్వాత గొంతు చించుకుంది. "ఒరేయ్, మీ బుద్ధి కాలా! మంత్రసాని అరుగు మీద ఉంది, పిల్ల అవతల ఉంది, మధ్యలో ఇంకో గుంట తవ్వుతార్రా?"

పారలు ఆగిపోయాయి. వానలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నేళ్ళుగా తామేం చేశారో ఆ క్షణంలో అందరికీ ఒకేసారి తెలిసింది.

మొగిలన్న గడప మీద నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు.

"ఈ గుంట నాదే" అన్నాడు. "రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ నెట్టాను. ఇప్పుడు నా బిడ్డ కోసం వచ్చింది."

ఇంట్లోకి పోయాడు. పక్క చావడిలో కుండలు కాల్చే ఆవం ఉంది. అప్పుడే కాల్చి దించిన కుండలు, కాగులు, బానలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. ఎండాకాలపు సంతల కోసం చేసినవి. ఇంటికి ఏడాది తిండి అవే. ఆయన పెద్ద కాగు ఒకటి రెండు చేతులా ఎత్తి, గడప మీద నుంచి గుంటలోకి విసిరి కొట్టాడు.

భళ్ళుమంది.

"మొగిలన్నా! మతి పోయిందా?"

ఇంకోటి భళ్ళుమంది.

"అల్లుడూ, ఆపవయ్యా మీ మామను!"

అల్లుడు ఆపలేదు. ఒక బాన ఎత్తి ఇచ్చాడు. అది కూడా భళ్ళుమంది.

చావడి సగం ఖాళీ అయ్యేదాకా జనం అలా చూస్తూనే ఉన్నారు. అప్పుడు కన్నమ్మ తన ఇంట్లోంచి నూనె జాడీ దొర్లించుకుంటూ వచ్చింది. "తమ్ముడూ, కాస్త పక్కకు జరుగు" అని మొగిలన్నను కేకేసి ఇవతలి గట్టు మీద నుంచి గుంటలోకి తోసింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఇంటింటి నుంచీ కుండలు వచ్చాయి. నీళ్ళ కుండలు, ఊరగాయ జాడీలు, పెళ్ళిలో పూజ చేసిన అరివేణి కుండలు కూడా. పక్కింటి మట్టి ఎవరూ ముట్టలేదు. ఎవరింట్లోది వాళ్ళే తెచ్చారు.

పెంకులు పేరుకుని నీటి పైకి వచ్చాయి. కానీ అడుగు వేస్తే కదులుతున్నాయి. మంచం మోసేవాళ్ళు నిలవలేరు. కుమ్మరివాడు మట్టిని దేనితో మెత్తన చేస్తాడు? కాళ్ళతో తొక్కి చేస్తాడు. మొగిలన్న పంచె ఎగగట్టి, ఉత్త కాళ్ళతో ఆ పెంకుల మీదికి దిగాడు.

"వద్దు మామా! కోసుకుపోతాయి!"

ఆయన వినలేదు. మట్టి తొక్కినట్టే తొక్కాడు. గోడ నుంచి గడప దాకా, గడప నుంచి గోడ దాకా. పెంకులు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. ఆయన నడిచిన మేర వాన నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆడవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. ఆయన మాత్రం కిందికి చూడలేదు. తలుపు వంకే చూస్తున్నాడు.

"ఇక తీసుకురండి" అన్నాడు.

పైడిని మంచం మీద మోసుకుంటూ దాటించారు. ఒక్క పెంకు కదల్లేదు. కన్నమ్మ వసారాలో, విరిగిన కాలు చాపుకుని కూర్చునే, అంకమ్మ ఆడపిల్లను చేతుల్లోకి తీసుకుంది.

మొగిలన్న వీధిలోనే కూలబడి ఉన్నాడు. "ఏడ్చిందా?" అని అడిగాడు.

"ఏడ్చింది తమ్ముడూ. నాకంటే పెద్ద నోరు" అంది కన్నమ్మ.

రెండు రోజులకు పల్లకీ వచ్చింది. బాటల పెద్ద దిగి, వీధిలో ఎర్రటి పెంకులు చూసి కంగారుపడ్డాడు. "ఇక్కడ గుంట ఎక్కడిది? పట్నంలో గుంటలన్నీ పూడ్చేశాం కదా! మా లెక్క ప్రకారం ఇది లేనే లేదు."

ఒక్కరు కూడా దండం పెట్టలేదు. ఆయన పల్లకీ ఎక్కబోతే బోయీలు కూడా ఎత్తలేదు. ఆ రోజు బాటల పెద్ద చుట్టు వీధిలో మొదటిసారి నడిచాడు.

మొగిలన్న కాళ్ళు వాచాయి. ఆకులు కట్టారు, పసరు పోశారు, తగ్గలేదు. జ్వరం తలకెక్కింది. మూడో వారంలో, మనవరాలిని గుండెల మీద పడుకోబెట్టుకుని, అలాగే పోయాడు. పాడె ఆ పెంకుల మీదుగానే వెళ్ళింది. పాడె మోసినవాళ్ళు చెప్పిన మాట ఇదే. బరువుతో నడిచినా కాలి కింద నేల ఒక్కసారి కూడా కుంగలేదట.

ఆ పట్నంలో ఇప్పటికీ కుండ పగిలితే పెంకులు పారేయరు. గుమ్మం పక్కన పోగు చేసి ఉంచుతారు. వీధిలో గుంట పడితే, అది ఎవరి ముందు పడిందని అడగరు. ఇంటికో దోసెడు పెంకులు తెచ్చి పోస్తారు. పోశాక, గుంట ఎవరి ముంగిట్లో ఉందో వాళ్ళు తొక్కకూడదు. పక్కింటివాళ్ళే ముందు తొక్కాలి. తొక్కేవాళ్ళు చెప్పులు విప్పి, "మొగిలన్నా, నీ బరువు నా కాలికివ్వు" అంటారు.

తారు వచ్చింది, రోలర్లు వచ్చాయి, కార్పొరేషన్ వచ్చింది. ఆ ఆచారం మాత్రం పోలేదు. మొన్న తొలివానకు అక్కడ ఒక ఇంటి ముందు గుంట పడింది. పొద్దున్నే వీధంతా చేరి పెంకులు పోసింది. పక్కింటి కొత్త కోడలు ఆ ఊరికి వచ్చి ఇంకా నెల కాలేదు. అత్త ఆమె చేయి పట్టుకుని ముందుకు తెచ్చింది. అందరూ జరిగి దారి ఇచ్చారు. ఆ పిల్ల చెప్పులు విప్పి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. కుడి కాలు ఎత్తింది.