వంకలో గుడ్లు పెట్టిన తీతువు

అనగనగా ఒక ఊరు, పేరు గాలిమిట్ట. పేరుకి తగ్గట్టే గాలికి కొదవ లేదు, కరువంతా వానకే. మబ్బులు కొండ దాటి వస్తాయి, ఊరిని తొంగి చూస్తాయి, ఈ ఇంట్లో అన్నం వండలేదని తెలిసిన చుట్టాల్లా జారుకుంటాయి.

అక్కడి నేల బండ మీద పరిచిన దుప్పటంత పలచన. వాన పడ్డ మర్నాటికే తడి ఆరిపోతుంది. అందుకే వాళ్లు వానకి ముందే, పొడి మట్టిలోనే కొర్రలు విత్తేస్తారు. వాన వచ్చిందా, పంట. రాలేదా, గింజలు చీమలపాలు. మొదటి గింజ ఊరిపెద్ద ఓబులమ్మ వేయాలి. అప్పటిదాకా ఎవరూ విత్తే గొర్రు కట్టరు.

ఆ ఏడు ఊరంతటికీ ఒక్కసారి విత్తడానికి సరిపడా గింజలే మిగిలాయి. అవీ పోతే ఊరు ఖాళీ చేయాల్సిందే.

ఒకరోజు కొండ మీద నల్లమబ్బు కనపడింది. నెమలి పురి విప్పింది.

"విత్తండి! వానకి నాది పూచీ!"

ఊరంతా గంతులేసింది. ఓబులమ్మ గుప్పెడు గింజలు తీసింది. అంతలో ఎండిన వంకలోంచి తీతువు పిట్ట అరిచింది.

"ఆగవ్వా! వాన రాదు!"

"ఛీ, అపశకునపు నోరు!" అని ఓబులమ్మ చెల్లెలి కొడుకు తిప్పన్న రాయి తీశాడు.

ఓబులమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "రాదని నీకెట్లా తెలుసే?"

"నా గుడ్లు వంక ఇసకలో ఉన్నాయి. వరదొస్తే ముందు కొట్టుకుపోయేది నా పిల్లలే. వచ్చేదుంటే ఇక్కడ పెడతానా?"

ఓబులమ్మ గింజలు సంచిలో పోసేసింది. మబ్బు ఊరు దాటిపోయింది.

"గాలి మోసం చేసింది, నాదేం తప్పు?" అంది నెమలి.

రెండోసారి ఉరిమింది కూడా. నెమలి ఇంకా జోరుగా ఆడింది. ఓబులమ్మ వంకలోకి దిగి చూసింది. తీతువు గుడ్ల మీదే ఉంది. ఈమె వెనక్కొచ్చేసింది. నాలుగు చినుకులు రాలాయి, దుమ్ము వాసన లేచింది, అంతే.

మూడోసారి మబ్బే లేదు. మాడు పగిలే ఎండ. నెమలి నిద్రపోతోంది. తీతువు మాత్రం పత్తికాయలంత పిల్లల్ని వెంటేసుకుని, వంక వదిలి మిట్ట ఎక్కుతోంది.

ఓబులమ్మ కేకేసింది. "తిప్పా, గొర్రు కట్టు!"

"ఎండ నెత్తికెక్కిందా పెద్దమ్మా? మబ్బు తునకన్నా లేదే!"

"పైకెందుకురా చూస్తావు? ఆ తల్లిని చూడు!"

నెమలి ఒక కన్ను తెరిచింది. "నేను ఆడందే వాన ఎట్లా వస్తుంది?"

ఓబులమ్మ మొదటి గింజ వేసింది. పొద్దుగూకేసరికి విత్తనాల సంచి ఖాళీ.

తెల్లారేసరికి గాలి తిరిగింది. కొండ కనపడకుండా వాన దిగింది. మొన్నటిదాకా గుడ్లున్న చోట ఎర్రనీళ్లు సుళ్లు తిరిగాయి. మిట్ట మీద పిల్లలు తల్లి రెక్కల కింద వెచ్చగా ఉన్నాయి.

తడిసిన తోక ఈడ్చుకుంటూ నెమలి వచ్చింది. "చూశారా! వానొస్తుందని నేను చెప్పలేదూ?"

"చెప్పావులే సామీ, రాని వానల గురించి కూడా!" అన్నాడు తిప్పన్న.

కొర్రలు మోకాటి ఎత్తు పెరిగాయి. ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ తీతువు మీద రాయెత్తలేదు.

అందుకే, మాట తప్పినా తనకేం పోనివాడు ఆడితే చూసి చప్పట్లు కొట్టు. విత్తనం మాత్రం, తప్పితే తన పిల్లల్నే పోగొట్టుకునేవాడి మాట మీద చల్లు.