విప్పి వదిలిన కొమ్మ

నూకరాజు ట్రాలీ మీద తోలుకెళ్లిన రెండు చెట్లు నెల తిరక్కుండానే చచ్చిపోయాయి. దింపినప్పుడు రెండూ పచ్చగానే ఉన్నాయి. పదో రోజుకి కొమ్మలు వేలాడేశాయి.

"నాదేం తప్పండీ? నేను కట్టిన కట్టు మీరే చూశారు కదా. ఒక్క ఆకు కదల్లేదు," అన్నాడు ఉస్తాదుతో.

ఉస్తాదు మీరాసాహెబు ముప్పై ఏళ్లుగా కడియం నర్సరీల నుంచి పెద్ద చెట్లను ట్రాలీ బండి మీద ఊళ్లకు చేరుస్తున్నాడు. మాట పొదుపు మనిషి. ఆరేళ్లు టిప్పర్ తోలి, తనంత గట్టి డ్రైవరు లేడనుకుని, నూకరాజు ఆయన దగ్గర చేరి ఏడు నెలలైంది.

"రేపు పొగడచెట్టుంది. నువ్వే తోలు. ఇదీ పోతే మళ్లీ టిప్పరెక్కేయ్," అన్నాడాయన.

ఆ పొగడకి నలభై ఏళ్లు. నర్సరీలో దానికి నీళ్లు పోసి పెంచింది పల్లాలమ్మ. మూడు నెలలపాటు వేళ్ల చుట్టూ తవ్వి, మట్టిముద్దని గోనెపట్టాతో, కొబ్బరితాడుతో బిగించింది కూడా ఆవిడే. లోపల ఆ ముద్ద పగిలితే సన్నవేళ్లు తెగిపోతాయి. పైకి తెలియడానికి పది రోజులు పడుతుంది. అందుకే, "అనకాపల్లి దాకా నేనూ వస్తాను," అంటూ సంచీ పట్టుకుని క్యాబిన్‌లో ఉస్తాదు పక్కన ఎక్కేసింది.

ముందు ఇంజను బండి, వెనక ట్రాలీ, రెండింటికీ మధ్య ఒక్క పిన్ను. ముందుది ఠక్కున ఆగితే వెనకది వచ్చి వీపున గుద్దుతుంది. ముందుది ఉరికితే వెనకది గుంజుతుంది. టిప్పర్ తోలినవాడికి బ్రేకంటే తొక్కేది, అంతే. అన్నవరం దాటాక నూకరాజు ఓ లారీని అంటిపెట్టుకుని వెళ్లి, అది ఆగగానే తొక్కాడు. క్యాబిన్ మొత్తం ఎగిరిపడింది. పల్లాలమ్మ సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

"పిన్ను వదులైందండీ. మార్పించాలి," అన్నాడు నూకరాజు.

"పక్కకి ఆపు," అన్నాడు ఉస్తాదు.

ఆయన దిగి, పిన్నువైపు చూడనైనా చూడలేదు. నేరుగా ట్రాలీ వెనక్కి వెళ్లి, నూకరాజు బిగించిన కట్టులోంచి కుడిపక్క కొమ్మ ఒక్కటి విప్పి వదిలేశాడు.

"అదేంటండీ! విరిగిపోద్దండీ!"

"అద్దంలో కనబడుతుందా?"

"కనబడతందండి."

"అయితే తోలు."

గేరు వేసి కదిలించగానే కొమ్మ విసురుగా వెనక్కి ఊగింది. ఆకులు నాలుగు రోడ్డు మీద రాలాయి. "అయ్యో, నా తల్లీ!" అంది పల్లాలమ్మ. తను కట్టిన కట్టు లోపల ప్రతి కుదుపుకీ ఇన్నాళ్లూ ఏం జరిగిందో నూకరాజు ఇప్పుడు అద్దంలో చూస్తున్నాడు. భయం వేసింది.

పాదం మెల్లగా దింపాడు, మెల్లగా ఎత్తాడు. ముందు లారీని పోనిచ్చాడు. పోనిచ్చిన సందులోకి ఓ కారు దూరితే తిట్టుకుంటూనే దాన్నీ పోనిచ్చాడు. కొమ్మ ఊగడం తగ్గింది గానీ ఆగలేదు. ఉస్తాదు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్ర మాత్రం పోవడం లేదు.

నక్కపల్లి దగ్గర పల్లంలో, దాటి వెళ్లిన బస్సొకటి చెయ్యెత్తిన మనిషి కోసం రోడ్డు మధ్యలోనే ఆగిపోయింది. నూకరాజు కాలు ఎప్పటిలాగే బ్రేకు మీదకి ఉరికింది. అతని కళ్లు అద్దంలోకి వెళ్లాయి. కాలు ఆపుకుని, ముందుగా స్టీరింగు పక్కనున్న ట్రాలీ బ్రేకు చేత్తో లాగాడు. వెనకది బరువుగా పట్టుకుంది. అప్పుడు కాలు నొక్కాడు, కొంచెం కొంచెంగా. బస్సు వెనక అద్దం మీద రాసినవి చదవగలిగేంత దగ్గరకొచ్చి బండి నిలిచింది.

కొమ్మ ఒక్కసారి వంగి, లేచి ఊరుకుంది.

ఉస్తాదు కళ్లు తెరిచాడు. "ఇక ఆ కొమ్మ కట్టేయ్."

"ఇప్పుడెందుకండీ? ఊగట్లేదు కదా."

"ఇంతసేపూ నీ కోసం వదిలాను. ఇప్పుడు దాని కోసం కట్టు."

అనకాపల్లిలో ఓ బడి ఆవరణలో గొయ్యి సిద్ధంగా ఉంది. క్రేనుతో చెట్టుని దింపాక పల్లాలమ్మ గోనెపట్టా కోసి, మట్టిముద్ద చుట్టూ వేళ్లతో తడుముకుంటూ తిరిగింది. ఒకచోట ఆగింది. జానెడు పొడవున పగులు.

"ఇదెక్కడిదిరా అబ్బాయ్?"

పిన్ను మాట నూకరాజు నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"అన్నవరం దాటాక. కొమ్మ విప్పకముందు. నా వల్లేనమ్మా."

ఆవిడ బురద కలిపి పగుల్లో మెత్తింది. నూకరాజు మోకాళ్ల మీద కూర్చుని బురద అందించాడు. "బతుకుద్దా?" అని అడిగాడు. "పది రోజులు చూడాలి," అంది.

చేతులు కడుక్కుని అతను ఉస్తాదు దగ్గరకొచ్చి బండి తాళం చాపాడు. "పది రోజులూ ఇది మీ దగ్గరే ఉండనివ్వండి."

మీరాసాహెబు తాళం వైపు చూశాడు గానీ అందుకోలేదు. డ్రైవరు సీటు వదిలేసి, బండి చుట్టూ తిరిగి ఎడమపక్క తలుపు తీసి, ఎక్కి కూర్చున్నాడు.