చివరి పెంకు

లోరెంట్స్ చేతిలో ఒక్క పెంకు మిగిలింది. అది పట్టాల్సిన చోటూ ఒక్కటే మిగిలింది. కానీ పెంకు వెంట్రుకవాసి ఎక్కువై ఆ సందులో దిగడం లేదు.

పదకొండు నెలలుగా ఆ పాత గ్రీకు కూజాను అతికిస్తున్నాడు పాపం. ముక్కలు లక్ష ఉంటాయి. సరే, నూట నలభై అనుకోండి. రేపు పొద్దున్నే మ్యూజియం డైరెక్టరు వచ్చి పని చూస్తాడు. నచ్చితే ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. నచ్చకపోతే ఊరికి రైలే.

లోరెంట్స్ అటూ ఇటూ చూసి ఆకురాయి తీశాడు.

సరిగ్గా అప్పుడే అతని గురువు హెడ్విగ్ ష్నూర్ గారు వచ్చారు. గ్రీకు కుండల విషయంలో జర్మనీ మొత్తానికి ఆవిడ తరవాతే ఎవరైనా. నలభై ఏళ్ళు వాటి మధ్యే బతికారేమో, పెంకు వాసన చూసి కుమ్మరి పేరూ, వాళ్ళ అత్తగారి పేరూ కూడా చెప్పేసేవారు.

"ఆకురాయి ఎందుకు?"

"ఈ పెంకు కాస్త పెద్దదండీ. అంచు రవ్వంత అరగదీస్తే సరిపోతుంది."

"రెండున్నర వేల ఏళ్ళుగా అంతే ఉందా, ఇవాళే పెరిగిందా?"

లోరెంట్స్ ఆకురాయిని బల్ల మీద పెట్టేశాడు.

ఆవిడ కూజాను పైనుంచి కిందిదాకా వేలితో తడిమారు. అడుగున, మొట్టమొదట అతికించిన పెంకుల దగ్గర వేలు ఆగింది. శిష్యుడి వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. అతుకు ఒక పక్క పిసరంత లేచి ఉంది. ఆ పిసరే పైదాకా పాకి చివరి సందును ఇరుకు చేసింది.

తరవాత తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి, పసిబిడ్డకు స్నానం చేయించినట్టు కూజాను అందులో దించారు. జిగురు కరగడం మొదలైంది.

లోరెంట్స్ కన్నీళ్ళకు తొట్టి పొర్లిందంటే మీరు నమ్మరు గానీ, రెండు చుక్కలు మాత్రం పడ్డాయి. "రేపు డైరెక్టరు గారికి ఏం చూపించనండీ?"

"ముందు అడుగు సరిచెయ్యి," అని ఆవిడ కాఫీకి వెళ్ళిపోయారు.

మర్నాడు డైరెక్టరు వచ్చేసరికి బల్లనిండా పెంకులు ఆరబెట్టి ఉన్నాయి.

"కూజా ఏదయ్యా?"

"నిన్న ఉందండీ. అడుగున తప్పు అతికించాను. అందుకే విప్పేశాం." లోరెంట్స్ కొత్తగా అతికించిన రెండు పెంకులు ఆయన చేతిలో పెట్టాడు. "ఇంతవరకు అయింది."

"కళ్ళు మూసుకుని అతుకెక్కడో చెప్పండి," అన్నారు హెడ్విగ్ గారు.

డైరెక్టరు వేలు మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. ఎక్కడా ఆగలేదు. ఆయన కళ్ళు తెరిచి, శిష్యుణ్ణి వదిలేసి గురువు వైపు చూశాడు.

"సంతకానికి కలం తెచ్చుకున్నారా," అన్నారావిడ, "నాది ఇవ్వనా?"