చూరు కింద విడిచిన వేళ్ళు

ఒకప్పుడు, నాచుకి కూడా అన్ని మొక్కల్లాగే వేళ్ళున్న రోజుల్లో, రోహిణీ కార్తెలో ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం, సన్యాసమ్మ ఇంట్లో పసిపిల్ల గుక్కపట్టింది.

ఇంకా పేరైనా పెట్టని మనవరాలు. పైన పెంకులు పెనంలా కాలుతున్నాయి. పిల్ల ఒళ్ళంతా చెమటకాయలు పేలాయి. విసిరి విసిరి సన్యాసమ్మ చెయ్యి పడిపోయింది.

"నారాయణా! ఈ కప్పు మీద ఎవరైనా కాస్త పచ్చగా పరుచుకుంటే బాగుణ్ణు!" అంది.

పెరట్లో బీరపాదు తల తిప్పుకుంది. "ఇప్పుడే పూత పట్టాను పిన్నీ, కదలకూడదుట."

బావి గట్టు మీది నాచుకి మనసాగలేదు. గోడ పట్టుకుని చూరు దాకా ఎక్కింది.

"ఆగాగు!" అని పెంకులు అరిచాయి. "కిందటేడు రావిమొక్క కాసేపు కూర్చుంటానని వచ్చి, కాళ్ళు చాపి మా నడుం విరగ్గొట్టింది. గుళ్ళోకి చెప్పులతో వెళ్తారా ఎవరైనా? వేళ్ళు బయట విడిచి రా!"

నాచు వేళ్ళు విప్పి చూరు కింద జతగా పెట్టింది. "వదినా, కాస్త చూస్తూండు," అంది అక్కడే ఉన్న గరికతో.

"చూడనూ మరి!" అంది గరిక.

నాచు పెంకులంతా పరుచుకుని ఎండని తనే కాసుకుంది. ఇల్లు చల్లబడింది. పిల్ల పిడికిళ్ళు వదిలి నిద్రపోయింది.

సాయంత్రం నాచుకి దాహమేసింది. దిగుదామని చూస్తే వేళ్ళు లేవు! గుడి బయట చెప్పులు పోయినవాళ్ళకి తెలుసు, ఆ క్షణం ఎలా ఉంటుందో.

గరిక కాళ్ళకి రెండు జతలున్నాయి.

"ఊరికే తొడిగి చూశానమ్మా, బిగుసుకుపోయాయి," అంది గరిక, ఏమాత్రం సిగ్గుపడకుండా. "అయినా వినాయకుడి పూజకి వెళ్ళేదాన్ని, ఆమాత్రం ఉండద్దూ?"

"దేవుడి పేరు చెప్తే నేనేమంటాను," అంది నాచు. అంటూనే అంచులు ఎండి ముడుచుకుపోయింది. వేళ్ళు లేకుండా నీళ్ళు తాగేదెలా?

పెంకులు బెంబేలెత్తాయి. "మా మాట విని ప్రాణం మీదికి తెచ్చుకున్నావే!"

మర్నాడు పొద్దున పెంకులు జరిగిందంతా సన్యాసమ్మకి చెప్పాయి. "పిచ్చితల్లీ, పసిదాని కోసం కాళ్ళు పోగొట్టుకున్నావా!" అంటూ ఆవిడ స్నానం చేసి, తులసమ్మకి పోసే చెంబు నీళ్ళు ముందు కప్పు మీద చల్లింది. "వేళ్ళెందుకే? ఒళ్ళంతా నోరు చేసుకుని తాగు."

నాచు తాగింది. చూస్తూండగానే పచ్చబడింది. ఇంటిల్లిపాదీ తలో చెంబూ పోశారు. గరికని పీకుతానని వెళ్ళిన అల్లుడికి మాత్రం చేతులు బొబ్బలెక్కాయి.

అప్పటినుంచే నాచుకి వేళ్ళు లేవు. ఎండలో చచ్చినట్టు పడుంటుంది, నాలుగు చినుకులు పడితే ఒళ్ళంతా తాగేసి లేచి కూర్చుంటుంది. దాన్ని కప్పుకున్న ఇల్లు చల్లగా ఉంటుంది. గరికని మాత్రం పీకి చూడండి, ఒక జత చేతికొస్తుంది. రెండోది లోపలే ఉండిపోతుంది.